‘సర్వరు లేదు’



మేము పలుకుచున్న ఈ మాట మీ యింట రేడియోలో వినబడుచున్నది. 1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడలో ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది మొదలు ఈ ప్రాంతపు ఇండ్లకు మాట ఇట్లే వచ్చుచున్నది. ఇందులో ఒక విశేషమును మీరు గమనించియే యుందురు. మేము చెప్పుదుము, మీరు విందురు. మీరు చెవియొగ్గి వినుచున్నారో, రేడియోను దాని మానాన దానిని వదలి వంటయింటిలోనికి పోయినారో మాకు తెలియదు. మీకు కావలసినది అడుగుటకు ఈ పెట్టెలో దారి లేదు. మీరు అడుగలేదని మేము మానుటయు లేదు.

నేడు మన పనులలో పెక్కు దీనికి భిన్నమైన మరియొక పద్ధతిపై నడచుచున్నవి. ఆ పద్ధతిలో అడిగిననేగాని జవాబు రాదు. జవాబు వచ్చిననేగాని పని కాదు. పొలపు అడంగలు చూచుకొనుట, రేషను బియ్యము తెచ్చుకొనుట, రైలు టిక్కెట్టు కొనుట, పిల్లవాని పరీక్ష రుసుము చెల్లించుట, సంతలో చేపలు కొని సెల్‌ఫోను ద్వారా సొమ్ము పంపుట, ఇవి యన్నియు అట్టివే. ఇవి సాగినంతవరకు వీని వెనుక ఏమున్నదో ఎవరికిని పట్టదు. సాగనినాడు మాత్రము మనకు రెండు మాటలు వినిపించును. "సర్వర్ లేదండీ." పెదవేగి వైపు ఊళ్లలో చదువురాని ముసలమ్మకు కూడ నేడు ఈ మాట తెలియును. దాని అర్థము మాత్రము చెప్పువారికిని వినువారికిని తెలియుట లేదు.

ఆ తెలియకపోవుటవలన ఏమి జరుగునో మేము కన్నులార చూచితిమి. మా పొరుగున ఒక రైతు కలరు. మేము వారిని బాబాయిగారని పిలుతుము. కొద్ది యెకరముల పామాయిలు తోట, ఒక కుమార్తె. ఆ అమ్మాయికి కళాశాలలో ప్రవేశమునకు రుసుము చెల్లించవలసిన చివరి దినమున బాబాయిగారు ఒక సేవాకేంద్రమునకు పోయిరి. తోడుగా మేమును పోయితిమి. అచ్చటి కుర్రవాడు మీట నొక్కెను. తెరపై చిన్న చక్రము తిరిగి తిరిగి ఆగిపోయెను. "సర్వర్ లేదండీ బాబాయిగారూ, ఇంకోసారి కొడతాను" అని అతడు రెండవమారు నొక్కెను, పిదప మూడవమారు నొక్కెను. మూడు పర్యాయములును ఖాతానుండి సొమ్ము పోయెను. తెర మాత్రము ‘విఫలమైనది’ అని చెప్పుచునే యుండెను. నాలుగవమారు కట్టుటకు ఖాతాలో సొమ్ము లేదు. ఆ రాత్రి ఆ యింట ఎవరును సరిగా అన్నము తినలేదు. ఈ యేటికి చదువు వద్దులెమ్మని ఆ అమ్మాయియే తండ్రికి ధైర్యము చెప్పినది.

మూడవనాడు తెలిసినదేమనగా, మొదటిమారు నొక్కినపుడే రుసుము చేరినది, దరఖాస్తు నమోదైనది. చేరిన సంగతిని చెప్పవలసిన జవాబు మాత్రమే దారిలో పోయినది. తక్కిన రెండు మొత్తములు కొన్ని దినములకు తిరిగి వచ్చినవి. తీరిన పనికే ఆ కుటుంబము మూడు రాత్రులు దుఃఖించినది. కావున ఈ అడుగుట, చెప్పుట అను వ్యవహారము ఎట్లు నడచునో, ఎచ్చట తెగునో, తెగినపుడు మనమేమి చేయవలెనో ఈనాడు కొంత విచారింతము.

మొదట పేర్లను గూర్చి. కంప్యూటరు భాషలో అడుగువానిని ‘క్లయింటు’ అనియు, ఇచ్చువానిని ‘సర్వరు’ అనియు పిలుతురు. ఏలూరు కోర్టు ఆవరణలో క్లయింటు అనిన వకీలుగారి కక్షిదారు. ఇచ్చటను ఇంచుమించు అదే భావము. తన పనికై మరియొకరి వద్దకు వచ్చినవాడు క్లయింటు. మీ సెల్‌ఫోనులోని చిన్న ప్రోగ్రాము క్లయింటు. ఎక్కడనో ఒక చల్లని గదిలో రేయింబవళ్లు మేల్కొని యుండి, ఎవరు ఏమి అడుగుదురా యని వేచియుండు ప్రోగ్రాము సర్వరు. ఇవి పాత్రలేగాని జాతులు కావు. మీకు జవాబు చెప్పవలసిన సర్వరే ఆ జవాబుకొరకు వేరొక సర్వరును అడుగవలసి వచ్చును. అప్పుడు అది క్లయింటగును. ఇంటిలో యజమానియైనవాడు తాలూకా కచేరీకి పోయి అర్జీదారు అగుట వంటిదే యిది.

పెద్దలకు ఒక పాత జ్ఞాపకము ఇచ్చట ఉపకరించును. 1984లో మన రాష్ట్రమున కరణీకములు రద్దగువరకు ఊరి పొలముల లెక్క కరణముగారి దస్త్రములో నుండెడిది. రైతు పోయి అడిగిన, కరణముగారు దస్త్రము విప్పి చూచి చెప్పెడివారు. రైతు క్లయింటు, కరణముగారు సర్వరు. నేడు ఆ దస్త్రము కంప్యూటరులోనికి పోయినది. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయములలో ‘కార్డ్’ అను కంప్యూటరు పద్ధతి వచ్చినది. 2002లో నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవా కేంద్రములు మండలములందు వెలసినవి. వానిలో పెక్కింటిని స్త్రీల పొదుపు సంఘములవారే నడపిరి. 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చినవి. ఏలూరు జిల్లా వేరుపడినది 2022 ఏప్రిల్ 4న. జిల్లా మారినను, దస్త్రము మారినను అడుగువాడు, చెప్పువాడు అను సంబంధము మారలేదు. దూరము మాత్రము పెరిగినది. కరణముగారి ముఖము కనబడెడిది. సర్వరు ముఖము కనబడదు.

ముఖము కనబడనివానిని వెదకి పట్టుకొనుట మొదటి పని. ప్రతి సర్వరునకును ఒక సంఖ్యారూపమైన చిరునామా కలదు. పాత పద్ధతిలో ఇది నాలుగు సంఖ్యల కూర్పు. ఒక్కొక్క సంఖ్య సున్న మొదలు 255 వరకు ఉండవచ్చును. ఇట్టివి మొత్తము సుమారు 429 కోట్లు మాత్రమే సాధ్యము. లోకమునకు అవి చాలనందున ఇంకను పొడవైన చిరునామాలు వాడుకకు వచ్చినవి. మనుష్యులు అంకెలను గుర్తుంచుకొనలేరు, పేర్లను గుర్తుంచుకొందురు. కావున పేరు చెప్పిన అంకె చెప్పు ఏర్పాటు ఒకటి కావలసి వచ్చినది. దీనిని 1983లో పాల్ మొకాపెట్రిస్ అను అమెరికా దేశీయుడు రూపొందించెను. మీరు ఒక పేరును తట్టగానే మీ సెల్‌ఫోను మొదట ఆ పేర్ల పట్టికను చూచు సర్వరును అడుగును. అది అంకెను చెప్పిన తరువాతనే అసలు ప్రయాణము మొదలగును. ఆ పట్టికవాడు పలుకకున్నను మన కుర్రవాడు "సర్వర్ లేదు" అనియే చెప్పును. అసలు సర్వరు నిక్షేపముగా నుండవచ్చును. దాని యిల్లెక్కడనో చెప్పువాడే కరవైనాడు.

ఇల్లు తెలిసినంత మాత్రాన చాలదు. ఒకే సర్వరు యంత్రములో అనేక పనులు చేయు ప్రోగ్రాములు ఉండును. పెద్ద కచేరీలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది యున్నట్లు వీనికిని సంఖ్యలు వేసిన ద్వారములు కలవు. ఉత్తరములు అందుకొను ద్వారము 25, సాధారణమైన పుటలకు 80, రహస్యముగా ముద్రవేసి పంపవలసిన వానికి 443. చిరునామాయు ద్వారమును తెలిసిన పిమ్మట క్లయింటు తలుపు తట్టును.

ఆ తట్టుటలో ఒక మర్యాద కలదు. మూడు మాటలలో అది ముగియును. "అయ్యా, మీతో మాటాడవలెను, నా మాట వినబడుచున్నదా?" అని క్లయింటు. "వినబడుచున్నది, నా మాట నీకు వినబడుచున్నదా?" అని సర్వరు. "వినబడుచున్నది" అని మరల క్లయింటు. మొదటి మాటకు జవాబు వచ్చుటచే పోవు దారి, వచ్చు దారి రెండును కలవని క్లయింటునకు తెలిసినది. మూడవ మాటచే అదే సంగతి సర్వరునకు తెలిసినది. రెండు మాటలతో ఆపినచో సర్వరు తన మాట చేరినదో లేదో యెరుగకయే కూర్చుండును. అందుచే మూడు కావలెను. ఏలూరునుండి హైదరాబాదునకు గాజుతీగలో వెలుగు పోవుటకు సెకనులో వెయ్యవ వంతులు రెండు చాలును గనుక ఈ మర్యాద యంతయు మనము రెప్పవేయుటకంటె ముందే ముగియును.

తరువాత అసలు విషయము పోవును. అది మొత్తముగా పోదు, చిన్న చిన్న పొట్లములుగా పోవును. ఒక్కొక్క పొట్లములో సుమారు 1,500 అక్షరములు పట్టును. వానిపై వరుస సంఖ్యలు వేయబడును. దారిలో పొట్లములు ముందువెనుకలు కావచ్చును, కొన్ని పోవచ్చును. చేరినవానికెల్ల చేరినదని కబురు పంపుట అవతలివాని విధి. కబురు రానివానిని మరల పంపుట ఇవతలివాని విధి. ఈ ఏర్పాటును వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు 1974లో ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని అర్పానెట్ అను వలయము ఈ పద్ధతికి మారినది. మన దేశములో 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు ప్రజలకు అందినది. దారి నమ్మదగినది కాకపోయినను దానిపై నమ్మదగిన సంభాషణను నిర్మించుటయే ఇందలి గొప్పతనము. గోతులున్న బాటమీద గుడ్లబండి తోలి, పగిలినదానికి మారుగుడ్డు పంపుచు, లెక్క తప్పకుండ అప్పగించుట వంటిది యిది.

మాట చేరినది. ఇక ఏ భాషలో అడుగవలెను? ఇరువురికిని తెలిసిన భాషయొకటి ఉండవలెను. జెనీవా నగరము దాపున సెర్న్ అను పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి వెబ్ సర్వరును, దానిని చూచు ప్రోగ్రామును కట్టినపుడు చాల పొట్టి భాషనొకదానిని పెట్టెను. ‘ఫలానా కాగితము ఇమ్ము’ అనునది అందలి ముఖ్యమైన మాట. సర్వరు ప్రతి జవాబునకును ముందు ఒక మూడంకెల సంఖ్యను చెప్పును. 200 అనగా ‘సరే, తీసికొనుము’. 404 అనగా ‘నీవడిగినది నా యొద్ద లేదు’. 500 అనగా ‘నాలోనే ఏదో పొరపాటు జరిగినది’. 503 అనగా ‘ప్రస్తుతము నేను చేయజాలను, మరల రమ్ము’. 504 అనగా ‘నేను మధ్యవర్తిని, అసలువాడు సకాలములో పలుకలేదు’. ఈ సంఖ్య తెరపై కనబడినచో అది తెలియని గీతయని వదలకుడు. వైద్యుడు నాడి చూచినట్లు, తెలిసినవారు దానినిబట్టియే రోగమెక్కడనో చెప్పుదురు. ఆ సంఖ్య కనబడినదనగా సర్వరువైపువారెవరో జవాబు చెప్పినారన్నమాట. ‘లేదు’ అని చెప్పుటకైనను ఒకడుండవలెను గదా!

ఇంకొక ప్రశ్న. మాటాడుచున్నది నిజముగా మనమడిగిన సర్వరేయని నమ్ముటెట్లు? ఈ ప్రశ్నకు జవాబు పెదవేగి మట్టిలోనే దొరకును. శాలంకాయనులకును, తరువాత వేంగీ చాళుక్యులకును రాజధానియైన వేంగీపురము నేటి పెదవేగియే. శాలంకాయన రాజగు దేవవర్మ సుమారు క్రీస్తుశకము 4వ శతాబ్దిలో ఏలూరు గ్రామస్థులను ఉద్దేశించి ప్రాకృత భాషలో ఇచ్చిన రాగిరేకుల శాసనము దొరకినది. ఊరివారు రాజును చూచి యెరుగరు. రేకులు తెచ్చినవాడు రాజుగారి మనిషియో, దొంగయో ఎట్లు తెలియును? రేకులకు రంధ్రము చేసి ఒక కడియములో గ్రుచ్చి, కడియపు కొసలను ముద్రతో అతికెడివారు. చాళుక్యుల ముద్రపై ‘శ్రీ త్రిభువనాంకుశ’ అని యుండెడిది. ముద్ర ఎవరు పంపిరో చెప్పును. కడియము కోయక నడిమి రేకును మార్చుటకు వీలులేదు గనుక మాట మారలేదనియు చెప్పును.

నేటి సర్వరు చేయునదియు ఇదియే. తలుపు తెరచిన వెంటనే అది తన పేరుగల ముద్రపత్రమును చూపును. లోకము నమ్మిన కొన్ని సంస్థలు దానిపై సాక్షిసంతకము చేసియుండును. మీ సెల్‌ఫోను ఆ సంతకమును పరీక్షించి, పిదప ఇరువురికి మాత్రమే తెలియు రహస్యలిపిలో సంభాషించును. ‘ఈ చోటు సురక్షితము కాదు’ అను హెచ్చరిక వచ్చినపుడు కడియము తెగియున్నదని అర్థము. అప్పుడు బ్యాంకు రహస్యసంఖ్యను అచ్చట వ్రాయరాదు. అయితే ముద్ర పేరునకే సాక్ష్యముగాని గుణమునకు కాదు. మోసగాడు తన సొంత పేరుతో సరియైన ముద్రనే పొందవచ్చును. కావున ముద్రతోపాటు పేరును కూడ అక్షరము అక్షరము చదువవలెను.

ఇంతవరకు ఒక క్లయింటు, ఒక సర్వరు. నిజమునకు ఒక సర్వరు ముందు వేలకొలది క్లయింట్లు నిలుతురు. రైల్వేవారి టిక్కెట్ల పద్ధతి ఇందులకు మంచి ఉదాహరణము. సికింద్రాబాదులో 1994లో ‘కాన్సర్ట్’ అను పేర క్లయింటు-సర్వరు పద్ధతిపై టిక్కెట్ల ఏర్పాటు మొదలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు అను ఐదు కేంద్రములు ఒకదానితో నొకటి కలిసినవి. తిరుపతి పోవు రైలులో ఒకే పడక మిగిలియున్నదనుకొనుడు. ఏలూరులో ఒక గుమాస్తా, తాడేపల్లిగూడెములో ఒక గుమాస్తా ఒకే క్షణమున దానిని అడిగిరి. ఇరువురి తెరలపైనను ‘ఒకటి ఖాళీ’ అనియే యున్నది. ఎవరికి దక్కవలెను? సర్వరు ఆ పడకపై చేయి వేసి, మొదట అందిన అడుగును పూర్తిగా ముగించి, తరువాతనే రెండవదానిని చూచును. రెండవవానికి ‘లేదు’ అని వచ్చును. తెరపై కనబడినది నిజము కాదు, అది అడిగిన క్షణమునాటి నకలు మాత్రమే. నిజము సర్వరు దస్త్రములో నున్నది. మన సేవాకేంద్రపు తెర ‘విఫలమైనది’ అనినపుడును ఈ మాటనే జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఇక అందరును ఒక్కమారే వచ్చిపడుటను గూర్చి. ఇది కొల్లేటి ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు మున్నగునవి వరదనీటిని తెచ్చి కొల్లేటిలో పోయును. ఆ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. వచ్చునది పోవుదానికంటె తక్కువగా నున్నంతకాలము సరస్సు ప్రశాంతముగా నుండును. వచ్చునది మించినచో నీరు నిలిచి, పెరిగి, లంకగ్రామములను ముంచును. ఉప్పుటేరు ఎండలేదు, అది పారుచునే యున్నది, అయినను ఊరు మునిగినది. సర్వరును అంతే. చివరిదినమున లక్షలాదిగా అడుగులు వచ్చిన, అది పనిచేయుచునే యుండును. కాని వరుస పెరిగిపోయి వెనుకనున్నవాని గడువు తీరును. గడువు తీరినవాడు మరల నొక్కును. వాని పాత అడుగు వరుసలోనే యున్నది, క్రొత్తదియు చేరినది. తొందరపడి మాటిమాటికి నొక్కుట నిండిన కొల్లేటిలో మరియొక యేరును త్రిప్పుటయే.

కావున ‘సర్వరు లేదు’ అను రెండు మాటలలో కనీసము ఐదారు సంగతులు దాగియున్నవి. మన వద్దనే తీగ తెగియుండవచ్చును. పేర్ల పట్టిక పలుకకపోవచ్చును. తలుపు మూసియుండవచ్చును. తలుపు తెరచినను వరుస పెద్దదై యుండవచ్చును. వరుస లేకున్నను లోపలి దస్త్రము విప్పు ప్రోగ్రాము చెడియుండవచ్చును. అన్నియు సరిగా నుండి, పనియు ముగిసి, జవాబు మాత్రము దారిలో పోవచ్చును. ఈ చివరిదియే బాబాయిగారిని బాధించినది. ఇదియే అన్నిటికంటె కఠినమైనది.

ఎందుకు కఠినమో చూడుడు. వంతెనలు లేని కాలమున ఒడ్డున నున్న వర్తకుడు పడవవాని చేతికి సొమ్మిచ్చి, కొల్లేటికోటలోని బేరగానికి అందజేసి కబురు తెమ్మని పంపినాడనుకొనుడు. చీకటి పడినది, గాలి లేచినది, పడవ తిరిగి రాలేదు. సొమ్ము చేరకముందే పడవ చిక్కుకొన్నదా? చేరిన తరువాత తిరుగుదారిలో చిక్కుకొన్నదా? ఒడ్డుననున్న వర్తకునికి రెండును ఒక్కటిగానే కనబడును. రెండవమారు సొమ్ము పంపిన రెట్టింపు నష్టము కావచ్చును. పంపకున్న బేరము పోవచ్చును. ఎన్ని పడవలు నడిపినను చివరి పడవ సంగతి పంపినవానికి నిశ్చయముగా తెలియదు. దారి నమ్మదగినది కానపుడు ఎన్ని కబుర్లాడినను ఇరువురికిని సంపూర్ణ నిశ్చయము కలుగజాలదని అక్కొయున్లు, ఏకనాథం, హ్యూబర్ అను మువ్వురు 1975లో ఒక శాస్త్రవ్యాసమున నిరూపించిరి. ఇది యంత్రపు లోపము కాదు, ఎంత డబ్బు పోసినను తీరునది కాదు. దూరమున నున్నవారు సంభాషించుటలోనే యున్న చిక్కు.

తీర్చలేని చిక్కును దాటుటకు ఉపాయము మాత్రము కలదు. వర్తకుడు సొమ్ముతో ఒక చీటి పంపవలెను. దానిపై ఒక సంఖ్య వేయవలెను. రెండవ పడవను పంపునపుడును అదే సంఖ్య వేయవలెను. బేరగాడు ‘ఈ సంఖ్యగల చీటి ఇదివరకే ముట్టినది’ అని చూచుకొని, రెండవ సొమ్మును త్రిప్పి పంపును. ఎన్నిమారులు అడిగినను పని ఒక్కమారే జరుగును. లేదా రెండవ పడవలో సొమ్ము పంపకయే, ‘ఫలానా సంఖ్య చీటి ముట్టినదా?’ అని మాత్రము అడిగించవలెను. చక్కగా కట్టిన ప్రోగ్రాములన్నియు ఈ పనియే చేయును. సెల్‌ఫోను ద్వారా యూపీఐ పద్ధతిలో సొమ్ము పంపినపుడు కనబడు 12 అంకెల సంఖ్య ఇట్టి చీటియే.

శ్రోతలు ఇండ్లలో ఆచరింపదగిన మాటలు నాలుగు చెప్పుదుము. మొదటిది, జవాబు రానపుడు మరల కట్టకుడు, ముందు అడుగుడు. బ్యాంకు ఖాతాలో సొమ్ము తగ్గినదేమో చూచుకొని, తగ్గినచో దరఖాస్తు స్థితిని తెలుపు పుటను తెరచి చూడుడు. రెండవది, సంఖ్యను వ్రాసికొనుడు. తేదీ, గంట, మొత్తము, సంఖ్య అను నాలుగును కాగితముపై నున్నచో ఏ కార్యాలయమునకైనను మీ మాట వినక తప్పదు. మూడవది, సొమ్ము గూర్చి నియమము తెలిసికొనుడు. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తరువు ప్రకారము, యూపీఐ ద్వారా ఒకరికి పంపిన సొమ్ము మన ఖాతాలో తగ్గి వారి ఖాతాకు చేరనియెడల మరునాటిలోగా తిరిగి రావలెను. వర్తకునికి చెల్లించినదైనచో ఐదు దినములు గడువు. గడువు మించిన ప్రతి దినమునకును నూరు రూపాయలు పరిహారముగా ఈయవలెను. బ్యాంకువారికి వ్రాసిన 30 దినములకును పరిష్కారము కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. నాలుగవది, చివరిదినమునకు ముందే పోవుడు. వరద వచ్చిన దినమున కొల్లేరు దాటవలసిన అవసరము పెట్టుకొనరాదు.

ప్రజలకు చెప్పిన నాలుగు మాటలకు తోడుగా కార్యాలయములవారికి ఒక్క మాట. ‘సర్వరు లేదు’ అని చెప్పి పంపివేయుట తేలిక. ఎదుట నిలిచినవాడు కూలి మానుకొని, బస్సు ఎక్కి, ఎండలో వచ్చినవాడు. వాని అడుగు చేరినదో లేదో చెప్పుట, చేరకున్న వాడు వచ్చి నిలిచినాడని గంటతో సహా ఒక చీటి వ్రాసియిచ్చుట మన ధర్మము. తప్పు తీగదైనపుడు శిక్ష అర్జీదారునకు పడరాదు. పూర్వము కరణముగారు ఊరలేనినాడు "ఎల్లుండి రా" అని చెప్పుటకైనను ఇంట ఒకరుండెడివారు. యంత్రము వచ్చిన తరువాత ఆ ఒక్కరును కరవైనచో మనము పొందినదానికంటె పోగొట్టుకొన్నదే యెక్కువ.

మా బాబాయిగారి కుమార్తె ఇప్పుడు కళాశాలలో చదువుచున్నది. మొన్న సెలవులకు వచ్చినపుడు తండ్రి ఆమె చేతికి ఒక చిన్న పుస్తకమిచ్చిరి. అందులో వారు కట్టిన ప్రతి రుసుముయొక్క సంఖ్యయు, తేదీయు, గంటయు ముత్యములవంటి అక్షరములతో వ్రాసియున్నవి. "సర్వరు మరచిపోయినా నేను మరవను గదమ్మా" అని నవ్విరి. క్లయింటు అనగా ఏమో బాబాయిగారికి ఇంతకంటె బాగుగా చెప్పువారు అక్కరలేదని మాకప్పుడు తోచినది.

మేము మీ సెలవు తీసికొందుము. మా మాట మీకు చేరినదో లేదో తెలిసికొనుటకు ఈ పెట్టెలో మాకు దారి లేదు. చేరినదని నమ్ముచున్నాము. నమస్కారము.